వజ్రంలో నీలి వెలుగు... కొనవచ్చా? కూడదా?

* దోషమూ కాదు.. గొప్ప గుణమూ కాదు
* ధరలో తగ్గింపు అడగకపోతేనే నష్టం
* ఎండలో చూడాలి.. పత్రంలో చదవాలి

వరంగల్: పెళ్లి కుదిరిన ఇంట బంగారం లెక్క తేలిన తర్వాత మాట వజ్రపు కమ్మల మీదికి మళ్లుతుంది. పత్తి, మిర్చి అమ్మిన సొమ్మో, ఏళ్ల తరబడి కట్టిన చిట్టీ డబ్బో చేత పట్టుకుని వరంగల్ చౌరస్తా, హనుమకొండ దుకాణాల మెట్లెక్కే కుటుంబాలకు బంగారం గురించి ఒకరు చెప్పాల్సిన పని లేదు. తూకం, తరుగు, మజూరీ, హాల్‌మార్క్ అన్నీ కంఠతా వచ్చినవే. వజ్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రం తడబాటు మొదలవుతుంది.

రంగు, స్వచ్ఛత, కోత, బరువు... ఈ నాలుగింటి గురించి అమ్మకందారు వివరిస్తారు. ధ్రువపత్రంలో వీటితో పాటు ‘ఫ్లోరసెన్స్’ అనే మరో వరుస కూడా ఉంటుంది. దాని ఎదుట ‘నన్’, ‘ఫెయింట్’, ‘మీడియం’, ‘స్ట్రాంగ్’, ‘వెరీ స్ట్రాంగ్’ అనే అయిదు మాటల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది. ఒకచోట ‘అది ఉంటే రాయి పనికిరాదు’ అంటారు. మరొకచోట అదే గుణాన్ని చూపి ‘ఇది బ్లూ జాగర్, దొరకడమే కష్టం’ అంటారు. రెండు మాటల్లోనూ ఉన్నది సగం నిజమే. ఆ సగం నిజాన్ని నమ్మి మంచి రాయిని వదులుకునేవారు కొందరైతే, అదనంగా వేల రూపాయలు చెల్లించేవారు మరికొందరు.

ఏమిటీ వెలుగు?

సూర్యకాంతిలో కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. కొన్ని వజ్రాలు ఈ కిరణాలను గ్రహించి, ఆ శక్తిని కంటికి కనిపించే కాంతిగా తిరిగి వెలువరిస్తాయి. దీనినే ఫ్లోరసెన్స్ లేదా ప్రతిదీప్తి అంటారు. కిరణాలు పడినంతసేపే ఈ వెలుగు ఉంటుంది. దీపం ఆర్పగానే ఆగిపోతుంది.

ఇందుకు కారణం వజ్రంలో ఇమిడిపోయిన నత్రజని. వజ్రం మొత్తం కర్బన పరమాణువుల అల్లికే అయినా, భూగర్భంలో రూపుదిద్దుకునే సమయంలో కొద్దిపాటి నత్రజని కూడా అందులో చేరుతుంది. ఆ అల్లికలో ఒక పరమాణువు లేక ఏర్పడిన ఖాళీ చుట్టూ మూడు నత్రజని పరమాణువులు కూడినప్పుడు ఆ చోటు నీలి కాంతిని ఇస్తుంది. శాస్త్రవేత్తలు దీనిని ‘ఎన్3 కేంద్రం’గా వ్యవహరిస్తారు. అంటే ఈ వెలుగు పుట్టుకతో వచ్చిన లక్షణమే తప్ప ఎవరో పూసిన పూత కాదు. కాలక్రమంలో పెరగదు, తరగదు. ధరించిన వారికి ఎలాంటి హాని కూడా లేదు.

ఇది అరుదైన విషయమూ కాదు. అమెరికాకు చెందిన జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్ (జీఐఏ) తన వద్దకు వచ్చిన 26 వేలకు పైగా వజ్రాల వివరాలను 1997లో ప్రచురించింది. వాటిలో దాదాపు 65 శాతం రాళ్లలో ఎలాంటి వెలుగూ లేదు. మిగిలిన 35 శాతంలో వెలుగు ఉండగా, అందులో నూటికి 97 రాళ్లు నీలి రంగునే ఇచ్చాయి. పసుపు, తెలుపు, నారింజ రంగుల్లో వెలిగేవి బహు స్వల్పం. దుకాణంలో వరుసగా పది వజ్రాలు పరిస్తే మూడింటిలోనైనా ఎంతో కొంత ఈ గుణం ఉండే అవకాశం ఉందన్నమాట.

నీలిమందు సూత్రమే

తెల్లని పంచెను ఉతికిన తర్వాత కాసిన్ని నీళ్లలో నీలిమందు కలిపి ముంచడం ఇంటింటా తెలిసిన పనే. బట్టలో పేరుకున్న పసుపు ఛాయను నీలం కప్పివేస్తుంది. పంచె మునుపటి కంటే తెల్లగా కనిపిస్తుంది. నీలి ఎక్కువైతే మాత్రం మరకలు కడుతుంది. నీలి వెలుగు ఉన్న వజ్రంలో జరిగేది అచ్చంగా ఇదే.

వజ్రాల రంగును ఆంగ్ల అక్షరాల్లో ‘డి’ నుంచి ‘జెడ్’ వరకు లెక్కిస్తారు. ‘డి’ అంటే ఏ రంగూ లేనిది. అక్షరాలు ముందుకు సాగేకొద్దీ పసుపు ఛాయ పెరుగుతుంది. పసుపు, నీలం ఒకదానినొకటి కప్పివేసే రంగులు కావడంతో ‘ఐ’, ‘జె’, ‘కె’ వంటి తరగతుల్లోని రాయి నీలి వెలుగు వల్ల పగటి కాంతిలో మరింత తెల్లగా అగుపించవచ్చు. ‘డి’, ‘ఇ’, ‘ఎఫ్’ తరగతుల్లో కప్పిపుచ్చాల్సిన పసుపే ఉండదు గనుక ఈ ప్రయోజనం అక్కడ లభించదు. రాయి పసుపు రంగులో వెలిగితే ఫలితం తారుమారవుతుంది. ఉన్న పసుపు ఛాయ మరింత ఎక్కువగా తోస్తుంది.

నీలి ఎక్కువై పంచెకు మరక పట్టినట్లే, బలమైన వెలుగు ఉన్న కొన్ని వజ్రాలు ఎండలో మసకబారినట్లు, పాలు కలిపిన నీళ్లలా కనిపిస్తాయి. భయపడాల్సినది ఈ ఒక్క విషయానికే. అయితే ఇలాంటివి చాలా అరుదు. జీఐఏ లెక్క ప్రకారం ఆ సంస్థకు వచ్చే ప్రతిదీప్తి వజ్రాల్లో మసక కనిపించేవి 0.2 శాతం లోపే. అంటే వెయ్యి రాళ్లకు రెండు కూడా కాదు.

అదే 1997 పరిశీలనలో భిన్న స్థాయుల్లో నీలి వెలుగు ఉన్న వజ్రాలను వ్యాపారులకు, నిపుణులకు, సామాన్య కొనుగోలుదారులకు చూపించారు. ఎక్కువ మంది ఎలాంటి తేడానూ పసిగట్టలేకపోయారు. బలమైన నీలి వెలుగు ఉన్న రాళ్లే పై నుంచి చూసినప్పుడు కాస్త మెరుగైన రంగులో కనిపించాయని అనుభవం ఉన్నవారు గుర్తించారు. సామాన్యులకు మాత్రం ఏ తేడా తెలియలేదు.

మరి ధర ఎందుకు తగ్గుతుంది?

కంటికి తేడా కనిపించనప్పుడు ధర తగ్గడమెందుకనే సందేహం సహజం. ఇది అంగడి సంప్రదాయం. ఒకప్పుడు నీలి ఛాయ వజ్రాలకు గిరాకీ ఎక్కువ. దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫాంటీన్ గని నుంచి వచ్చిన నీలి ఝరి రాళ్లకు ‘జాగర్’ అన్న పేరు స్థిరపడింది. దక్షిణాదిలో ముక్కుపుడకలు, ఏడు రాళ్ల కమ్మలు చేయించుకునే కుటుంబాల్లో ‘బ్లూ జాగర్’ మాట ఇప్పటికీ వినిపించడానికి కారణం అదే. ఆ గని 1971లోనే మూతపడింది. పేరు మాత్రం రాయి పుట్టిన చోటుతో నిమిత్తం లేకుండా నేటికీ వాడుకలో కొనసాగుతోంది.

అదే కాలంలో ‘బ్లూ వైట్’ అనే మాట కూడా అంగట్లో ప్రచారంలోకి వచ్చింది. నీలి వెలుగు చాటున పసుపు రాళ్లను సైతం ఆ పేరుతో అంటగట్టడం మొదలయ్యాక నమ్మకం సడలింది. అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలు మామూలు పగటి వెలుతురులో నీలం తప్ప మరో రంగు కనిపించే రాయిని ‘బ్లూ వైట్’ అని పిలవడాన్ని అంగీకరించవు. క్రమంగా వ్యాపారుల్లో ఈ వెలుగంటేనే అనుమానం పెరిగింది. అనుమానం ధరల పట్టికలోకి చేరింది. ఫలితంగా ‘డి’ నుంచి ‘హెచ్’ వరకు ఉన్న మేలు రకాల్లో బలమైన నీలి వెలుగు ఉంటే, అన్నీ సమానంగా ఉన్న మామూలు రాయి కంటే తక్కువ ధర పలుకుతుంది. రంగు, స్వచ్ఛత ఎంత మేలైనవైతే కోత అంత ఎక్కువగా ఉంటుంది. స్వల్ప వెలుగు ఉన్నప్పుడు తేడా నామమాత్రం. ‘ఐ’ కంటే కింది తరగతుల్లో తేడా చాలావరకు తగ్గిపోతుంది.

అసలు నష్టం ఇక్కడే

ఉదాహరణకు రెండు లక్షల రూపాయల రాయి అనుకుందాం. నీలి వెలుగు కారణంగా పది శాతం తగ్గాల్సి ఉంటే అది 20 వేల రూపాయలు. ధ్రువపత్రంలోని ఆ ఒక్క వరుసను చదవని కొనుగోలుదారు పూర్తి ధర చెల్లిస్తారు. కొన్నేళ్ల తర్వాత పిల్లల చదువుకో, వైద్యానికో ఆ నగను మార్చుకోవడానికి వెళ్లినప్పుడు ఎదుటి వ్యాపారి పత్రం తిరగేసి ‘ఫ్లోరసెన్స్ స్ట్రాంగ్ ఉంది, ఇంతకంటే ఇవ్వలేం’ అంటారు. కొన్నప్పుడు దక్కని తగ్గింపు అమ్మినప్పుడు మాత్రం తప్పదు. రెండు వైపులా కోతే మిగులుతుంది.

తెలిసి కొన్నవారి సంగతి వేరు. అదే రాయికి 20 వేలు తగ్గించుకుంటే, ఆ సొమ్ముతో మరికాస్త మంచి కోత ఉన్న రాయిని ఎంచుకోవచ్చు. వజ్రం తళుకుకు ప్రధాన ఆధారం కోతే. నీలి వెలుగు వల్ల తళుకు సాధారణంగా తగ్గదు. కోత సరిగా లేకపోతే మాత్రం ఎంత స్వచ్ఛమైన రాయి అయినా వెలవెలబోతుంది. అమ్ముకోవాలన్న ఆలోచన లేకుండా తరతరాలు ధరించేందుకే కొనేవారికి నీలి వెలుగు ఉన్న రాయి నిజానికి మంచి బేరమే.

కాకతీయుల నేలలో వజ్రాల కథ

వరంగల్ వాసులకు వజ్రం కొత్త కాదు. 13వ శతాబ్ది చివర్లో ఈ తీరానికి వచ్చిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో, కాకతీయుల రేవు మోటుపల్లి పేరుతో ఈ రాజ్యాన్ని ప్రస్తావించాడు. వానలు వెలిసిన తర్వాత కొండవాగుల్లో వజ్రాలు ఏరుకునేవారని రాశాడు. తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో నేటికీ జనం వజ్రాల కోసం వెదుకుతుంటారు. కోహినూర్ ఓరుగల్లు నుంచే ఢిల్లీకి తరలిందని, ఒకప్పుడు భద్రకాళి అమ్మవారి నేత్రంగా ఉండేదని ఇక్కడి వారి విశ్వాసం. 1310లో మాలిక్ కాఫర్ ప్రతాపరుద్రుని నుంచి ధనరాశులు తీసుకువెళ్లడం చరిత్ర. ఆ రాశుల్లో కోహినూర్ ఉందని చెప్పే రూఢి ఆధారం మాత్రం లేదు.

వెలుగు విషయంలోనూ తెలుగు నేల రాళ్లకు ఒక ప్రత్యేకత ఉంది. కృష్ణా తీర గనుల్లో దొరికి గోల్కొండ అంగళ్ల ద్వారా ప్రపంచమంతటా వెళ్లిన మేలు వజ్రాల్లో అనేకం నత్రజని దాదాపుగా లేని జాతికి చెందినవి. ‘గోల్కొండ వజ్రం’ అన్న పేరు నీటి బొట్టు వంటి స్వచ్ఛతకు మారుపేరైంది అందుకే. నీలి వెలుగుకు మూలమైన నత్రజనే లేనప్పుడు ఆ వెలుగూ సాధారణంగా ఉండదు.

ఇందుకు భిన్నమైన వింత మరొకటి ఉంది. కొల్లూరు గనిలో దొరికిందని భావిస్తున్న హోప్ వజ్రం 1958 నుంచి అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థలో ఉంది. 45.52 క్యారెట్ల ఈ నీలి వజ్రంపై అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేసి దీపం ఆర్పివేస్తే, ఆ తర్వాత కొన్ని క్షణాల పాటు నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది. దీపం ఆరినా కొనసాగే ఈ గుణాన్ని ఫాస్ఫోరసెన్స్ అంటారు. దాని విలువ ఈ వెలుగు వల్ల ఇసుమంతైనా తగ్గలేదు.

నోట్ల దీపంతో తెలుసుకోవచ్చా?

నకిలీ నోట్లను గుర్తించేందుకు దుకాణాల్లో, బ్యాంకుల్లో ఉండే అతినీలలోహిత దీపం కింద వజ్రాన్ని ఉంచితే బలమైన నీలి వెలుగు ఇట్టే తెలుస్తుంది. కరెన్సీ నోటుపై వరుస సంఖ్య వెలిగేది కూడా ఇదే సూత్రంతో. అయితే ఈ పరీక్షకు పరిమితులు ఉన్నాయి. చౌకగా దొరికే ఊదారంగు టార్చిలైట్ల కాంతే రాయిలో ప్రతిఫలించి వెలుగుతున్నట్లు భ్రమ కలిగిస్తుంది. వెలుగు స్థాయిని సరిగ్గా నిర్ణయించేది ప్రయోగశాల మాత్రమే. ఆ దీపం వైపు నేరుగా చూడటం కళ్లకు మంచిది కాదు.

వెలిగితే అసలైనదని, వెలగకపోతే నకిలీదని అనుకోవడం కూడా పొరపాటే. పైన చెప్పినట్లు అసలు వజ్రాల్లో ఎక్కువ భాగం వెలగనే వెలగవు. మరోవైపు అమెరికన్ డైమండ్‌గా పిలిచే కృత్రిమ రాళ్లలో కొన్ని ఈ దీపం కింద వెలుగుతాయి. పలు రాళ్లు పొదిగిన నగలో మాత్రం ఒక చిన్న సూచన దొరుకుతుంది. సహజ వజ్రాల వరుసలో కొన్ని బలంగా, కొన్ని స్వల్పంగా వెలుగుతూ, మరికొన్ని చీకటిగా ఉండటం పరిపాటి. అన్నీ ఒకే తీరున ఉంటే అనుమానించి పరీక్షకు పంపడం మేలు. ఏరి కూర్చిన రాళ్లు కూడా ఒకే తీరున ఉండవచ్చు గనుక దీనిని తుది తీర్పుగా భావించరాదు.

ప్రయోగశాలల్లో తయారుచేస్తున్న వజ్రాలు ఇటీవలి ఏళ్లలో అంగళ్లలోకి విరివిగా వచ్చాయి. ఇవీ కర్బనంతో ఏర్పడిన నిజమైన వజ్రాలే. ధర మాత్రం సహజ వజ్రంతో పోలిస్తే చాలా తక్కువ. వీటిని కంటితోనో, నోట్ల దీపంతోనో వేరు చేయడం సాధ్యం కాదు. ప్రత్యేక పరికరాలు కావాలి. కనుక ఫ్లోరసెన్స్ గురించి అడగడానికి ముందు రాయి సహజమైనదా, ప్రయోగశాలలో పుట్టినదా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

హాల్‌మార్క్ వజ్రానికి కాదు

నగపై ఉండే హాల్‌మార్క్, ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ సంఖ్య బంగారం స్వచ్ఛతకు మాత్రమే హామీ. అందులో పొదిగిన రాయితో దానికి సంబంధం లేదు. వజ్రానికి జీఐఏ, ఐజీఐ, ఎస్‌జీఎల్ వంటి సంస్థల ధ్రువపత్రాలే ఆధారం. పత్రంపై ఉన్న సంఖ్యను ఆయా సంస్థల వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. పెద్ద రాళ్ల అంచుపై అదే సంఖ్యను సూక్ష్మంగా చెక్కుతారు. భూతద్దంతో చూపమని అడగటంలో తప్పు లేదు.

చిన్న రాళ్లు పొదిగిన నగలకు ఇచ్చే పత్రంలో తరచుగా మొత్తం బరువు, సగటు రంగు, స్వచ్ఛత మాత్రమే ఉంటాయి. ఒక్కో రాయి వెలుగు వివరం ఉండదు. అలాంటప్పుడు నోట్ల దీపం కింద ఒకసారి చూసుకుని, వ్యాపారి చెప్పిన మాటను బిల్లుపై రాయించుకోవడమే మార్గం. వెనుక భాగాన్ని బంగారు రేకుతో మూసి పొదిగిన కమ్మల్లో రాయి అసలు రంగు తెలియదు. వీలైతే పొదగక ముందే విడి రాయిని చూడాలి.

చూడకుండా బేరమాడితే ఏమవుతుందో హైదరాబాద్ చరిత్రే చెబుతుంది. 1891లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ జాకబ్ వజ్రానికి నమూనా చూసి బేరం కుదుర్చుకుని, భారీ మొత్తం ముందుగా చెల్లించారు. అసలు రాయి వచ్చాక వివాదం తలెత్తి కలకత్తా హైకోర్టు దాకా వెళ్లింది. అంతటి ప్రభువుకే తప్పని చిక్కు సామాన్యుడికి ఎదురైతే తట్టుకోవడం కష్టం.

కొనేముందు ఇవి చూడండి

* రాయిని దుకాణం దీపాల కింద చూసి నిర్ణయించవద్దు. మామూలు ఎల్ఈడీ దీపాల్లో అతినీలలోహిత కిరణాలు చాలా తక్కువ. అనుమతి తీసుకుని గుమ్మం దగ్గర పగటి వెలుతురులో చూడండి. మసక కనిపిస్తే వదిలేయండి. కనిపించకపోతే నీలి వెలుగును చూసి భయపడాల్సిన పని లేదు.

* ఎండలోనూ, లోపలి వెలుతురులోనూ రెండుసార్లు పోల్చండి. ఎండలో తెల్లగా ఉన్న రాయి లోపల కాస్త పసుపుగా తోస్తే, ఎక్కువ సమయం ధరించేది ఏ వెలుతురులోనో ఆలోచించుకోండి.

* పత్రంలో ఫ్లోరసెన్స్ వరుస చదవండి. ‘మీడియం’ లేదా అంతకు మించి ఉంటే, అదే బరువు, రంగు, స్వచ్ఛత కలిగి వెలుగు లేని రాయి ధర ఎంతో అడగండి. తేడా ఎంత తగ్గిస్తారో తేల్చుకున్నాకే ముందుకు వెళ్లండి.

* ‘బ్లూ జాగర్’, ‘బ్లూ వైట్’ పేర్లకు అదనంగా చెల్లించవద్దు. పేరుకు కాదు, పత్రంలోని రంగు అక్షరానికే విలువ.

* వెలుగు రంగు నీలమా, పసుపా అడిగి తెలుసుకోండి. పసుపైతే మరింత జాగ్రత్త అవసరం.

* బిల్లులో బంగారం బరువు, వజ్రం బరువు విడివిడిగా ఉండాలి. ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, అంటే వంద సెంట్లు. వజ్రం బరువును బంగారం ధరకు లెక్కగట్టకుండా చూసుకోండి.

* తిరిగి కొనుగోలు, మార్పిడి షరతులు నోటిమాటగా కాక బిల్లుపై ఉండాలి. ఫ్లోరసెన్స్ కారణంగా మార్పిడి సమయంలో ధర తగ్గిస్తారా అన్నది ముందే అడగండి.

చెప్పిన రాయికి, ఇచ్చిన రాయికి పొంతన లేకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌ను రెండేళ్లలోగా ఆశ్రయించవచ్చు. ఎక్కడికి వెళ్లినా ముందుగా అడిగేది బిల్లు, ధ్రువపత్రమే. కాస్త తక్కువకు వస్తుందని బిల్లు లేకుండా కొన్నవారికి ఈ దారులు మూసుకుపోయినట్లే.

నీలి వెలుగు ఉన్నంత మాత్రాన వజ్రం వన్నె తగ్గదు. దాచిపెట్టి అమ్మితేనే అది మోసం, తెలియక కొంటేనే అది నష్టం. తెలిసి, చూసి, తగిన ధరకు కొంటే ఆడపిల్ల చెవిన మెరిసే ఆ రాయి ఏ రాయికీ తీసిపోదు.